గేటు తీసే ఉంది

భీమన్న సెలవు నుంచి తిరిగొచ్చి ముందుగా నా మంచం మీద ఒక పుస్తకం పడేశాడు. ఒమాన్‌లోని దుక్మ్‌లో మా ఇద్దరిదీ ఒకే రూమ్. ఊళ్లు కూడా పక్కపక్కనే. నాలుగు వందల ముప్పై పేజీల పుస్తకం అది. మస్కట్ నుంచి ఇక్కడిదాకా ఆరు గంటలు ఒళ్లో పెట్టుకొని తెచ్చాడట. ఈ బరువుకు రెండు డబ్బాల తొక్కు వచ్చేదని సణిగాడు.

ఎవరు పంపారని అడిగాను.

"నీ బిడ్డ. నా చేతుల పెట్టి, బాపు చదువుతడా అని అడిగింది. చదువుతడు, వానికింకేం పనున్నది అన్న."

నా కూతురు నవీన నాతో మాట్లాడి పద్నాలుగు నెలలు. జగిత్యాలలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అమ్మమ్మ సత్తవ్వ దగ్గర ఉంటుంది. నేను ఫోన్ చేస్తే సత్తవ్వే ఎత్తుతుంది. పిల్ల ఆ గదిలోనే ఉన్నట్టు తెలుస్తుంది. ఫ్యాను చప్పుడు వినపడుతుంది, పుస్తకం మూసిన చప్పుడు వినపడుతుంది. మనిషి గొంతు మాత్రం వినపడదు.

నా భార్య గౌరవ్వ చనిపోయినప్పుడు నేను పోలేదు. కంపెనీ పాస్‌పోర్ట్ ఇవ్వలేదని ఫోన్‌లో చెప్పాను. నవీన ఏడవకుండా విన్నది. కాళ్లు పట్టుకొనైనా రావాల్సింది, రాలేదంటే నీకు అమ్మ అక్కరలేదని అర్థం, అన్నది. అదే చివరి మాట.

ఇప్పుడు పుస్తకం మొదటి పేజీలో నీలం ఇంకుతో రాసి పంపింది. "బాపూ, మొత్తం చదువు. అయినంక ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతా."

అందుకే చదివాను. లేకపోతే అట్టను చూసి పక్కన పెట్టేవాణ్ణి.

పుస్తకం పేరు 'ఏడో గోడ'. ఇంగ్లీషు నుంచి తెలుగు చేశారు. నల్ల అట్ట మీద ఎర్రటి కన్ను. వెనక అట్టంతా పొగడ్తలు. ఇది చదివి ఒక తరం మేల్కొన్నదట. చదివాక మీరు పాత మనిషిగా ఉండలేరట. మా రూమ్‌లో చిన్నవాడు అంజి, పరంజా కట్టే పని. అతను ఫోన్‌లో చూపించాడు. పదిహేను పదహారేళ్ల పిల్లలు ఆ పుస్తకం గుండెలకు హత్తుకొని కెమెరా ముందు ఏడుస్తున్నారు. ఒక పిల్ల ముంజేతి మీద నంబరు పచ్చబొట్టు పొడిపించుకుంది.

నేను ఊరి బళ్లో ఏడో తరగతి దాకా చదివాను. కానీ చదవడం ఆపలేదు. బీడీ ఆకుల కట్టకు చుట్టిన పేపరు కూడా విప్పి చదివేవాణ్ణి. ఏది బాగుందో ఏది బాగాలేదో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

జూలైలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ మూడు గంటలు సైట్‌లో రేకుల షెడ్డు కింద పడుకుంటాం. దుక్మ్‌లో ఆ రోజుల్లో ఎండ కన్నా గాలి ఎక్కువ. ఇసుక వచ్చి అన్నంలో పడుతుంది. నేను పుస్తకాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకొని, పేజీ ఎగరకుండా రెండు చేతులతో పట్టుకొని చదివేవాణ్ణి. మూడో రోజు భీమన్న కళ్లు మూసుకొనే అన్నాడు, లోపల గొణుక్కునుడు ఎందుకు, బయటికి చదువు, మేమూ వింటం అని. అప్పట్నుంచి పైకి చదివాను.

కథ ఇది. భూమి పాడైపోయింది. మిగిలిన మనుషులు ఏడు గోడల నడుమ ఉన్న ఊళ్లో ఉంటారు. పేర్లు లేవు, మణికట్టు మీద నంబర్లు. పొద్దున సైరన్ మోగితే లేచి వరుసలో నిలబడాలి. కార్డు చూపిస్తే తిండి. అందరికీ బూడిద రంగు బట్టలు. గదికి నలుగురు. పెద్దవాళ్లను ఏడో గోడ అవతలి గనుల్లోకి పంపుతారు. మిరెల్ అనే పదహారేళ్ల పిల్ల ఇదంతా అన్యాయమని కనిపెడుతుంది. కనిపెట్టడానికి ఆమెకు నూట ఇరవై పేజీలు పట్టింది.

మిరెల్ అన్న పేరు భీమన్న నోరు తిరగలేదు. మీరవ్వ అన్నాడు. మర్నాటికి షెడ్డులో అందరికీ ఆమె మీరవ్వే.

"గదికి నలుగురేనా?" అని అడిగాడు భీమన్న.

నలుగురే అన్నాను. మా రూమ్‌లో ఆరుగురం.

"ఏసీ ఉన్నదా?"

వెనక్కి తిప్పి చూశాను. గోడలోంచి చల్లటి గాలి వస్తుందని ఒకచోట రాసి ఉంది. చెప్పాను.

"మూడు పూటల బువ్వ, సల్లగాలి, గదికి నలుగురు. మరి మీరవ్వకు ఏం రోగమొచ్చింది?"

అంజి లేచి కూర్చున్నాడు. అది తిండి గురించి కాదు, ఫ్రీడం గురించి, మీ ముసలోళ్లకు సమజ్ కాదన్నాడు.

"నీకు సమజైంది గదా. రేపు సూపర్‌వైజర్ ముంగట నిలబడి గదే ముచ్చట చెప్పు. ఎల్లుండికెల్లి నీకు ఫ్రీడమే ఫ్రీడం."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు కోపం వస్తోంది. నంబరు, సైరన్, కార్డు, వరుస చూపించి ఇదే నరకం అంటోంది రాసినావిడ. నా హెల్మెట్ మీద నంబరుంది. ఐదేళ్లుగా మెస్‌లో కార్డు చూపించే తింటున్నాను. మనిషి వాటితో చావడు. మనిషిని చంపేవి వేరే ఉంటాయి. వాటి గురించి నాలుగు వందల ముప్పై పేజీల్లో ఒక్క వాక్యం లేదు.

ఇంకోటి నా పనికి సంబంధించింది. మేం పనిచేసే రిఫైనరీలో పెద్ద ట్యాంకులు ఉంటాయి. లోపల వెల్డింగ్‌కో, శుభ్రం చేయడానికో మనుషులు దిగుతారు. లోపలికి ఒకటే కంత. దాని బయట ఒకడు కూర్చోవాలి. ఎవరు దిగారు, ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి వచ్చారు, రాయాలి. దిగేవాడి కార్డు తీసి బోర్డుకు తగిలించాలి. లోపల్నుంచి పిలిస్తే పలకాలి. ఆ పని నాది. పదకొండు మంది దిగితే పదకొండు మంది పైకి వచ్చేదాకా నేను లేవడానికి లేదు.

మీరవ్వ ఐదో గోడ దాటింది ఎలాగంటే, చేతి మీద నంబరు కప్పుకొని గనికి పోయే వాళ్ల వరుసలో కలిసిపోయింది. సాయంత్రం ఒక మనిషి తగ్గింది. ఎవరూ లెక్క చూసుకోలేదు. ఏడు గోడలు, వెయ్యి కెమెరాలు, చేతిమీద నంబర్లు, గేటు దగ్గర రిజిస్టర్ మాత్రం లేదు. రాసినావిడ ఏ గేటు దగ్గరా ఒక్క పూట కూర్చున్న మనిషి కాదు.

ఇలాంటివన్నీ నవీనకు చెప్పాలని గుర్తు పెట్టుకుంటూ పోయాను. నాలో ఒక ఉత్సాహం పుట్టింది. అది పుస్తకం వల్ల కాదు. చదవడం అయిపోతే ఆమె ఫోన్ ఎత్తుతుంది.

రెండు వందల ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర పెన్సిల్ గీత కనిపించింది. అప్పటిదాకా పుస్తకంలో ఎక్కడా గీతలు లేవు.

ఆ అధ్యాయంలో మీరవ్వ తండ్రి కథ వస్తుంది. అతను గనిలో పని చేస్తుంటాడు. భార్య చనిపోయిందని కబురు వస్తుంది. అతను రాడు. మీరవ్వ మూడేళ్లు తండ్రిని అసహ్యించుకుంటుంది. తర్వాత గని నుంచి పారిపోయి వచ్చిన ముసలివాడు అసలు సంగతి చెబుతాడు. కబురు విన్న రోజు ఆమె తండ్రి ఏడో గోడ దాకా పరుగెత్తాడు. గేటు మూసేశారు. రెండు చేతుల గోళ్లు ఊడిపోయేదాకా ఆ గేటును గోకాడు. కాపలావాళ్లు కొట్టి లాక్కుపోయారు. మీరవ్వ ఆ గేటు దగ్గరికి పోయి, ఇనుము మీద గీతలను వేళ్లతో తడుముతుంది. నాన్నా, గేటు మూసి ఉందని నాకు తెలియదు, అని ఏడుస్తుంది.

అంజి ఫోన్‌లో చూపించిన పిల్లలు ఏడ్చింది బహుశా ఇక్కడే.

పేజీ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో ఒకే మాట ఉంది. బాపు.

నేను చదవడం ఆపాను. ఏమైందని అంజి అడిగాడు. గాలి ఎక్కువగా ఉందన్నాను. మిగతాది వాళ్లకు వినిపించలేదు. ఒక్కణ్ణే చదివి ముగించాను. చివర్న మీరవ్వ గోడ కూలుస్తుంది. జనం బయటికి నడుస్తారు. సూర్యుడు వస్తాడు. అయిపోయింది. అంత బయలులో రేపు పొద్దున ఏం తింటారో, ఎక్కడ నీళ్లు తాగుతారో లేదు. ఇంత పేరున్న పుస్తకంలో ఇంతేనా ఉన్నది అనుకున్నాను. కానీ అప్పటికి నా మనసు పుస్తకం మీద లేదు.

నిజం ఇది.

గౌరవ్వ చనిపోయిన కబురు పొద్దున పదకొండుకు వచ్చింది. మా క్యాంపు ఆఫీసులో ఖమరుద్దీన్ అని హైదరాబాద్ మనిషి. పాస్‌పోర్టులు దాచేది ఆయనే. మేమే పోగొట్టుకుంటామని ఇచ్చి పెడతాం. నేను అడగకముందే సొరుగు తీసి పాస్‌పోర్ట్ టేబుల్ మీద పెట్టాడు. రాత్రి విమానానికి టికెట్ తీయించాడు. మస్కట్ దాకా కంపెనీ కారు చెప్పాడు. భుజం మీద చెయ్యి వేశాడు. పొమ్మన్నాడు.

రూమ్‌కు వచ్చాను. బ్యాగు తీశాను. మంచం మీద కూర్చున్నాను. బయట కారు హారన్ మోగింది. మళ్లీ మోగింది. డ్రైవర్ ఖాదర్‌వలి, కడప అతను, తలుపు దాకా వచ్చి, అన్నా టైం అయితాంది అన్నాడు. నేను పోవడం లేదన్నాను. అతనికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. వెళ్లిపోయాడు. క్యాంపు గేటు ఆ సాయంత్రం దాకా తీసే ఉంది. మా క్యాంపు గేటు ఎప్పుడూ మూయరు. ఒక మేకలాయన తన మందను అందులోంచే తోలుకుపోతాడు.

ఎందుకు పోలేదు? గౌరవ్వ జబ్బు సంగతి నాకు ఆరు నెలలుగా తెలుసు. మూడుసార్లు రమ్మన్నది. రిఫైనరీ ఆపి చేసే షట్‌డౌన్ పని అయ్యాక వస్తానన్నాను. తర్వాత ఇంకేదో అన్నాను. నాలుగోసారి ఆమె అడగలేదు. బతికుండగా పోనివాణ్ణి కట్టెల ముందు ఏ ముఖంతో నిలబడాలి అనుకున్నాను. ఇది కూడా నేను తర్వాత కట్టుకున్న కారణమే కావచ్చు. ఆ రోజు నాకు లేవాలనిపించలేదు. అంతే.

పాస్‌పోర్ట్ ఇవ్వలేదన్న అబద్ధం గురించి ఊళ్లో ఎవరూ రెండోసారి అడగలేదు. మా జిల్లాలో ఆ మాటను అనుమానించే మనిషి లేడు. నిజంగా అలా చిక్కుకున్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒకడైతే తల్లి శవాన్ని ఫోన్‌లో చూశాడు. వాళ్ల దుఃఖాన్ని దుప్పటిలా తీసి నేను కప్పుకున్నాను. నా కంపెనీ మంచిది. ఆ ఒక్క విషయంలో దాన్ని దొంగను చేశాను.

ఇదంతా భీమన్నకు తెలుసు. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి నన్ను మంచం మీద చూశాడు. ఒక్క ప్రశ్న వేయకుండా నాకు చాయ్ పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఆ పేజీ తీసి అతనికి చూపించాను. చదివాడు. చాలాసేపు ఆ ఒక్క మాటనే చూశాడు.

"పుస్తకం మంచిగున్నదని చెప్పు" అన్నాడు.

బాగాలేదన్నాను.

"ఉండకపోతే ఉండకపోనీ. పిల్ల తనంతట తాను ఒక తొవ్వ చేసుకొని నీ దగ్గరికి వస్తున్నది. నువ్వు నోరు మూసుకొని కూసుంటే చాలు. ఆ మాత్రం చాతకాదా?"

చేతనవుతుందన్నాను. అవుతుందనే అనుకున్నాను.

శుక్రవారం మాకు సెలవు. నాలుగు గంటలకు ఫోన్ చేశాను. అక్కడ ఐదున్నర. కాలేజీ నుంచి వచ్చి ఉంటుంది. రెండో రింగుకే ఎత్తింది.

"బాపూ."

గొంతు మారింది. పద్నాలుగు నెలల్లో తల్లి గొంతు వచ్చేసింది. చదివినవా అని అడిగింది. చదివాను అన్నాను. ఎట్లున్నది అంది. బాగుంది అన్నాను.

"అబద్ధం. నీకు ఏదీ నచ్చదు. నిజం చెప్పు."

అప్పుడు చెప్పాను. గేటు దగ్గర రిజిస్టర్ లేని సంగతి చెప్పాను. సాయంత్రం లెక్క తగ్గితే ట్యాంకు దగ్గర మేమైతే ఏం చేస్తామో చెప్పాను. నూట ఇరవై పేజీల సంగతి చెప్పాను. భీమన్న పెట్టిన పేరు చెప్పాను. ఆమె నవ్వింది. కాలేజీలో ఈ పేరు చెబితే చంపేస్తారంది. రచయిత్రిని వెనకేసుకొచ్చింది. కథలో రిజిస్టర్లు రాస్తూ కూర్చుంటే మీరవ్వ ఎప్పుడు పారిపోవాలి అని వాదించింది. నేను ఎదురు వాదించాను. పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నాం. నా బతుకులో అంత సుఖంగా ఎవరితోనూ పోట్లాడలేదు. అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే సరిపోయేది.

తర్వాత ఆమె మాట నెమ్మదించింది. పెన్సిల్‌తో గీసింది చూసినవా అని అడిగింది. చూశాను అన్నాను.

"నేను అప్పుడు అట్ల అనొద్దుండె. నువ్వు ఎంత కొట్టుకున్నవో నాకేం తెలుసు. తప్పైంది బాపూ."

నేను ఊరుకోవాల్సింది. భీమన్న చెప్పింది అదే. కానీ పదిహేడేళ్ల పిల్ల నన్ను క్షమాపణ అడుగుతోంది. తల్లి చితికి తానే నిప్పు పెట్టిన పిల్ల. కొడుకు లేడు, మొగుడు రాలేదు, ఇంకెవరు పెడతారని కులపెద్దలు ఆమె చేతికే కొరివి ఇచ్చారు. ఆ పిల్ల నాతో తప్పైంది అంటోంది. ఆ మాట తీసుకొని జేబులో వేసుకొని బతకడం నావల్ల కాలేదు. అది మంచితనం అని నేను అనను. ఎవరినీ క్షమించని మనిషికి క్షమాపణ తీసుకోవడం కూడా రాదు.

"ఆ పుస్తకం ఉత్తదే బిడ్డా" అన్నాను. "మా దగ్గర గేటు తీసే ఉండె."

ఏమన్నవ్ అంది.

చెప్పాను. పాస్‌పోర్ట్ టేబుల్ మీద పెట్టడం, టికెట్, కారు, హారన్, అన్నీ చెప్పాను. ఒక్కటి దాచలేదు. అవతల ఫ్యాను చప్పుడు వినపడుతోంది.

"మరెందుకు రాలే?"

నాకు తెలియదన్నాను. అది నిజం. ఇంకేదైనా చెప్పి ఉండాల్సింది. భయమైందనో, సిగ్గయిందనో అంటే, మనిషి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

"అమ్మ పోయేముందు రెండు రోజులు వాకిట్లకే చూసింది. నాకు ఇది చెప్పకపోతే ఏమాయె నీకు. నేను మంచిగనే ఉంటి గదా ఇప్పుడు."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి సత్తవ్వ ఎత్తింది. పిల్లకు ఏం చెప్పావు, అన్నం ముందర పెట్టుకొని రాయిలా కూర్చుంది అని అడిగింది. ఆమెకూ చెప్పాను. సత్తవ్వ తిట్టలేదు. కూతురు పేరు ఒకసారి తలుచుకొని ఫోన్ పక్కన పెట్టేసింది. కట్ చేయడం కూడా మరిచింది. వాళ్లింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు కొంతసేపు విన్నాను.

భీమన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి మెస్‌లో వరుసలో నిలబడి ఉన్నప్పుడు వెనక నుంచి అన్నాడు.

"నిజం చెప్పిననని మురుస్తున్నవేమో. నీ బరువు దించుకొని పిల్ల నెత్తిన పెట్టినవ్."

కార్డు చూపించి అన్నం పెట్టించుకున్నాను.

నవీన కాలేజీలో ఒక పద్ధతి ఉంది. రోజూ పది గంటలకు తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీ అమ్మాయి నేడు హాజరు, లేదా గైర్హాజరు అని. చేర్పించినప్పుడు సత్తవ్వతో నా ఊరి నంబరు ఇప్పించాను. ఆ సిమ్ ఇక్కడ కూడా ఫోన్‌లోనే ఉంచుకున్నాను. ఇక్కడ ఎనిమిదిన్నరకు, నేను ట్యాంకు దగ్గర కూర్చొని మొదటి పేర్లు రాసే వేళకు అది వచ్చేది. కాలేజీలో చేరినప్పటి నుంచి నాకు ఆమె కబురు అదొక్కటే. జ్వరం వచ్చిన రోజులు దాన్నిబట్టే తెలిసేవి.

ఆ ఫోన్ తర్వాత సోమవారం మెసేజ్ రాలేదు. మంగళవారం రాలేదు. సెలవులేమో అనుకున్నాను. గురువారం కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాను. గుమాస్తా పేరు అడిగి వెతికాడు. అమ్మాయి రోజూ వస్తున్నదన్నాడు. సంరక్షకుల నంబరు మార్చమని అర్జీ ఇచ్చిందట. అమ్మమ్మ వేలిముద్ర ఉందట. పాత నంబరు తీసేశామన్నాడు.

ఆ పాత నంబరు తండ్రిదన్నాను.

అర్జీలో తండ్రి పేరు రాసే గడిలో అమ్మాయి గీత గీసిందన్నాడు. ఇంకేమైనా కావాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.